పడవ ముక్కులో గొంతు

సువా రేవు పక్కన పడవలు కట్టే షెడ్డులో అపెనీసా ఏళ్ల తరబడి పనిచేశాడు. ఫైబర్ పట్టాలు పరిచి, రెజిన్ జిగురు పూసి, గాలి బుడగలు పోయేలా రోలర్‌తో అదమడం అతని పని. సాయంత్రం ఆ జిగురు వదిలించే ఎసిటోన్‌తో చేతులు కడుక్కుని, ఆ ఘాటుతోనే ఇంటికెళ్లేవాడు.

మొదట పేర్లు మరిచిపోసాగాడు. తర్వాత అయినదానికీ కానిదానికీ కోపం. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, తన వీధి ఏదో తెలియక నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. భార్య మెరెసేని చెయ్యి పట్టుకుని ఇల్లు చేర్చింది.

"ఆ ఆవిరి మెదడుకెక్కింది. ఇంకా పీలిస్తే లేనివి కూడా వినిపిస్తాయి. మానెయ్యి" అంది క్లినిక్‌లో నర్సు.

"చేతిలో ఉన్న పడవ ఒక్కటీ అవనీ" అన్నాడతను.

ఆ పడవలో మిగిలింది ముక్కు భాగమే. పైన మనిషి దూరేంత కంత, లోపల బోర్లా పాకాల్సినంత ఇరుకు. మిట్టమధ్యాహ్నం బయట ఎండ మండిపోతున్నా లోపల కాటుక చీకటి. మాస్కు కట్టుకుని, లైటు పట్టుకుని దిగాడు. కంత దగ్గర, ఫ్యాను నుంచి లోపలికి గాలి పంపే గొట్టం కాపలాకి మెరెసేని తమ్ముడు ఇలైతియా కూర్చున్నాడు.

"ఏం బావా, నిద్రపోయావా? మా అక్క ఇంట్లో పడుకోనివ్వట్లేదా?"

"నోరు మూసుకుని గొట్టం చూడరా. నీ పొట్ట అడ్డంపడి గాలి రావట్లేదు."

ఇలైతియా పగలబడి నవ్వాడు. రోలర్ జిగటగా కదులుతోంది. తియ్యటి, ముక్కు మండే వాసన మాస్కులోంచి కూడా దూరుతోంది. కాసేపటికి ఫ్యాను హోరు ఆగిపోయింది.

"ఇలైతియా... ఉన్నావురా?"

"ఉన్నా బావా."

మరో బారెడు ముందుకు పాకాడు. తల దిమ్ముగా ఉంది.

"ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నా బావా."

అపెనీసా చెయ్యి ఆగింది. కంత అతని వెనకుంది. గొంతు... ముందునుంచి వచ్చింది. లైటు వెలుగు చేరని, రెండు గోడలూ కలిసిపోయే కొసనుంచి. పిల్లి కూడా పట్టని చోటునుంచి.

"నీ చెయ్యి అందదు బావా. రోలర్ ఇటివ్వు."

ఎందుకిచ్చాడో అతనికే తెలియదు. చీకట్లోకి చెయ్యి చాపాడు. అవతలినుంచి ఎవరో... మెల్లగా అందుకున్నారు.

మోచేతులు చెక్కుకుపోతున్నా వెనక్కి పాకి బయటపడ్డాడు. ఇలైతియా యార్డు అవతలినుంచి పరుగెత్తుకొస్తున్నాడు.

"కరెంటు పోతే స్విచ్చి చూడ్డానికెళ్లా బావా! వెళ్తున్నానని కేకేశాగా! 'సరే, వెళ్లు' అన్నావుగా!"

"నేను... అనలేదురా."

కబురందుకుని మెరెసేని వచ్చింది. భర్త తల ఒళ్లో పెట్టుకుని విసనకర్రతో విసిరింది. "నర్సు చెప్పలేదూ? అది వాసన చేసే మాయ. అక్కడెవరూ లేరు" అంది. అపెనీసాకి ప్రాణం లేచొచ్చింది. తన జబ్బు తనకి ఊరటనివ్వడం అదే మొదటిసారి.

కరెంటొచ్చింది. ఫ్యాను చాలాసేపు తిరగనిచ్చి, కొత్త మాస్కుతో ఇలైతియా దిగాడు, లైటూ రోలరూ తేవడానికి. ఇట్టే పైకొచ్చాడు. ముఖాన నెత్తురుచుక్క లేదు.

"రోలర్ లేదు బావా."

"సరిగ్గా చూశావా?"

"పట్టా కొసదాకా పరిచి ఉంది. రెజిన్ ఇంకా తడిగా... నువ్వు అంతదూరం ఎలా పోయావు?"

మెరెసేని విసరడం ఆపేసింది.

మర్నాడు ఉదయం మేస్త్రీ సురేంద్ర పడవను ఆరుబయటికి లాగించాడు. గాలి సముద్రం మీదనుంచి వీస్తోంది, ఘాటు ఛాయలైనా లేవు. రానంటున్న భర్త చెయ్యి పట్టుకుని మెరెసేని దూరంగా నిలబడింది. లోపల బోలు ఉందేమోనని మేస్త్రీ చిన్న సుత్తితో ముక్కు మీద తడుతూ పోయాడు. టక్. టక్. అంతా గట్టిగానే ఉంది.

"రాయిలా ఉందయ్యా, బాగా చేశావు" అంటూ సుత్తి నేలమీద పెట్టాడు.

టక్... టక్... ఈసారి లోపలినుంచి.

మేస్త్రీ తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు.

మెరెసేని వేళ్లు అపెనీసా చేతిని నొక్కేశాయి. ఆమెకీ వినిపిస్తోంది.