వెరెతినో మొదటి బంతి

ఉత్తరాన, ఏడాదిలో ఆరు నెలలు మంచు కదలని రష్యా దేశంలో, సిన్యా అనే నది ఒడ్డున వెరెతినో అనే మిల్లు పట్టణం ఉండేది. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లో నేత పనివాళ్లుండేవారు, ప్రతి వీధిలో ఒక ఫుట్‌బాల్ ఉండేది. అక్కడి పిల్లలు నడవకముందే తన్నడం నేర్చుకుంటారని పొరుగూళ్లవాళ్లు ఎగతాళి చేసేవారు. అలాంటి ఊరికి చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం పెద్ద ఆపద వచ్చిపడింది.

మైదానంలో ఊరి క్లబ్ జట్టు సాధన చేస్తోంది. ఎగిరిన బంగారు బంతి గాలిలోనే మాయమైంది. మరుక్షణం పదకొండుమంది ఆటగాళ్లూ ఎక్కడివాళ్లక్కడ గడ్డకట్టిపోయారు. గోల్‌కీపర్ యెగోర్ రెండు చేతులూ చాచి, కళ్లు పైకెత్తి, రాని బంతి కోసం చూస్తూ మంచుబొమ్మైపోయాడు. గోలు స్తంభం వెనక నిలబడ్డ అతని చెల్లెలు దూన్య పరుగెత్తుకెళ్లి చేతులు పట్టుకుంది. అవి రాయికంటే చల్లగా ఉన్నాయి.

అప్పుడే మూడు తెల్లగుర్రాల బండి వచ్చి ఆగింది. అందులోంచి బురాన్ షావుకారు దిగాడు. భూమి అడుగునుంచి మంటను తోడి దేశదేశాలకు అమ్ముకునే మాంత్రికుడతను. ఏడేళ్ల క్రితం క్లబ్ చితికిపోయి ఉన్నప్పుడు వచ్చి, ఊదనక్కరలేని బంగారు బంతిని ఇచ్చి, జట్టును పోషిస్తూ వచ్చింది అతనే.

"మన రాజుగారు పొరుగుదేశం మీదికి సైన్యాన్ని పంపారు. దాంతో తక్కిన రాజ్యాలన్నీ మన జట్లకు ద్వారాలు మూసేశాయి. పరదేశాల్లో ఊరేగించడానికి పెంచాను మీ జట్టుని. ఇప్పుడు నాకెందుకు?" అన్నాడు బురాన్.

"మీకు అక్కర్లేకపోతే మాకు వదిలెయ్యండి" అంది దూన్య.

"నా బంతితో ఆడినవాళ్లు నా సొత్తు పిల్లా. సిన్యా నది మంచు పగిలిన రోజున వీళ్లూ దాంతోపాటే కరిగిపోతారు" అని అతను బండెక్కాడు.

ఊరంతా గొల్లుమంది. మిల్లులో అందరికంటే పెద్దదైన అగాఫ్యా అవ్వ మాత్రం ఏడవలేదు. దూన్యను పక్కకు పిలిచి, కొంగు ముడిలోంచి ఎర్రదారం కండె ఒకటి తీసింది.

"ఇదివరకు ఏటా మొదటి ఆటకి ముందు బంతి మగ్గం నుంచి మగ్గానికి తిరిగేది. ఒక్కొక్కరం ఒక్క ఊపిరి ఊదేవాళ్లం. బంగారు బంతి వచ్చాక అది మానేశాం. ఆ పాత బంతి అడవిలో ఎలుగుబంటి దగ్గరుంది. దాని మీద ఈ మాయ పనిచెయ్యదు, అది మళ్లీ లేస్తే వీళ్లూ లేస్తారు. కానీ తోలు చిరిగింది. మామూలు దారం దానికి ఆగదు. దాన్ని మొదట కుట్టిన దారంలో మిగిలింది ఇంతే. జాగ్రత్త తల్లీ."

"నది ఎన్నాళ్లాగుతుంది అవ్వా?"

"వారం. గాలి తిరిగితే అంతకంటే తక్కువ."

పదమూడేళ్ల దూన్య ఒక రొట్టె, ఆ కండె, ఒక సూది జేబులో వేసుకుని బయల్దేరింది.

రెండు రోజులు నడిచాక తెల్లబెరడు చెట్ల మధ్య ఒక ఖాళీ స్థలం కనిపించింది. రెండు చెట్ల నడుమ ఓ ముసలి ఎలుగుబంటి ముందుకు వంగి, అచ్చం గోల్‌కీపర్‌లా నిలబడి ఉంది.

"దారి కావాలా, బంతి కావాలా?" అని అడిగింది ఎలుగు.

"బంతి కావాలి తాతా."

"అయితే ఆ దేవదారు కాయలు మూడు తీసుకుని ఒక్కొక్కటే కొట్టు. ఒక్కటి నన్ను దాటితే నీది. దాటకపోతే నువ్వు తెచ్చిన రొట్టె నాది."

మొదటి కాయను ఎలుగు ఎడమ పంజాతో పట్టేసింది. రెండోదాన్ని ఆవలిస్తూ పట్టేసింది. దూన్య మూడోది కాలి ముందు పెట్టుకుంది. అప్పుడు యెగోర్ మాట గుర్తుకొచ్చింది. "నేను కాలు చూడనే, కళ్లు చూస్తాను. ఎటు కొడతారో కళ్లే చెప్పేస్తాయి" అనేవాడు. దూన్య కళ్లు గట్టిగా మూసుకుని కొట్టింది. కాయ చెట్టుకు తగిలి లోపలికి దొర్లింది.

ఎలుగుబంటి చాలాసేపు నవ్వింది. తర్వాత చెట్టు తొర్రలోంచి వడిలిపోయిన తోలుబంతిని తీసి ఒళ్లో పెట్టుకుని కూచుంది.

"ఇది ఓడెక్కి వచ్చింది" అంది. "సముద్రం అవతలినుంచి ఒక పరదేశి మేస్త్రీ మగ్గాలు తెచ్చాడు, వాటితోపాటు దీన్నీ తెచ్చాడు. ఆదివారమైతే మీ ఊరివాళ్లు తాగేవాళ్లు, తలలు పగలగొట్టుకునేవాళ్లు. ఈ బంతి తన్నడం మొదలెట్టాక తాగడానికి తీరిక లేకపోయింది. పెద్దలు మాత్రం పొట్టి లాగులేసుకుని ఈ గంతులేమిటని తిట్టారు. చివరికి బంతి తన్నగలిగిన నేతగాడికి పని ఇస్తామని మిల్లు గేటుకు కాగితం అంటించారు. మీ ముత్తాతలు సగంమంది అలా వచ్చినవాళ్లే."

"ఇప్పుడు ఊరందరం ఊదితే మా అన్న లేస్తాడా?"

"ఊరందరి ఊపిరి చాలదు. చివర్న ఇంకొకటి ఉండేది. అదెవరిదో నేను మరిచిపోయాను. పుత్యేవో దగ్గర ఇనప ఎద్దుంది, దాన్నడుగు. బంతి తీసుకో. నీ రొట్టెలో సగం మాత్రం ఇక్కడ పెట్టి పో."

పుత్యేవో పేరు వినగానే దూన్య ముఖం ముడుచుకుంది. అది రైల్వే పనివాళ్ల ఊరు. వెరెతినోకు పుట్టు పగ. ఆ ఊరి పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టి నిద్రపుచ్చేవాళ్లు వెరెతినో తల్లులు. అయినా ఆమె నడిచింది.

తుప్పు పట్టిన పట్టాల మీద ఇనప ఎద్దు పడుకుని ఉంది. నల్లటి ఒళ్లు, నుదుటిన ఒకే దీపం, వీపు మీద పొగగొట్టం. దూన్యను చూసి దీపం వెలిగించింది.

"అడగబోయేది తర్వాత. ముందు నా పొట్టలో బొగ్గు వెయ్యి. ఏళ్లయింది తిని" అంది.

దూన్య పారతో మధ్యాహ్నందాకా బొగ్గు వేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎద్దు ముక్కుల్లోంచి ఆవిరి వచ్చింది.

"ఇప్పుడొక నిజం చెప్పు. లోకంలో నీకు గిట్టనివాళ్లెవరు?"

అబద్ధం చెప్పాలనుకుంది. నోరు రాలేదు. "పుత్యేవో వాళ్లు" అంది.

"నేను పుత్యేవో జట్టు ఎద్దునే" అంది ఇనప ఎద్దు, కోపం లేకుండా. "పాత రాజులు పోయి కార్మికుల రాజ్యం వచ్చినప్పుడు ప్రతి జట్టుకీ పోషించే అండ ఒకటి ఉండేది. సైనికులకొక జట్టు, పోలీసులకొకటి, కార్లు చేసేవాళ్లకొకటి, మా రైలువాళ్లకొకటి. నీ జట్టేదని ఎవరూ అడగక్కర్లేదు, నీ పనేమిటో తెలిస్తే చాలు. ఆ రాజ్యమూ పోయింది. షావుకార్లు కొన్ని జట్లను కొనుక్కున్నారు. మమ్మల్ని ఎవరూ కొనలేదు. మా క్లబ్ మూతబడింది."

"చివరి ఊపిరి ఎవరిది?"

"ఎదుటి జట్టు నాయకుడిది. అతను ఊదితేగాని బంతి ఇద్దరిదీ కాదు, ఇద్దరిదీ కాని బంతి లేవదు. ఆ మేస్త్రీ పెట్టిన పద్ధతి అది. మీవాళ్లు మమ్మల్ని ఏడు గోల్స్‌తో ఓడించిన ఏడాది, మీ ఊపిరి మాకెందుకు పొండి అన్నారు. బంగారు బంతి ఆ తర్వాత వచ్చింది. మా నాయకుడు సావా అదిగో, ఆ గేటు గుడిసెలో ఉంటాడు."

సావా నెరిసిన మీసాల మనిషి. రైళ్లు రాని పట్టాల మీద మంచు ఎత్తిపోస్తున్నాడు. దూన్య వచ్చిన పని చెప్పగానే గుడిసెలోకి నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది.

"మా ఊరికి వచ్చి ఒక్క ఊపిరి ఊదండి మావా. పదకొండుమంది ప్రాణాలు."

"అటు చూడు" అన్నాడు సావా. గోడకు నీలం జెర్సీ వేలాడుతోంది. సగం రొమ్ము కాలి తొర్రపడింది. "మీ ఊళ్లో నా ఒంటిమీంచి లాగి మంటలో వేశారు. అందులోంచి నేనే తీసుకున్నాను. మంట చుట్టూ జనం చప్పట్లు కొట్టారు."

దూన్య తల దించుకుంది. అప్పుడు ఆమెకు ఐదేళ్లు. యెగోర్ భుజాల మీద కూచుని తనూ చప్పట్లు కొట్టింది.

"నేనూ కొట్టాను మావా" అంది.

సావా పార తీసుకుని బయటికి పోయాడు. దూన్య జెర్సీని కిందికి దించి, సూదిలో ఎర్రదారం ఎక్కించింది. సగం దారంతో తొర్ర పూడుతుంది, తక్కిన సగం బంతికి సరిపోతుంది అని లెక్క వేసుకుంది. కానీ కాలిన బట్ట అంచులు సూది తగలగానే రాలిపోయాయి, తొర్ర పెద్దదైంది. సగం దారం అయిపోయేసరికి సగమే పూడింది. అక్కడ ఆపి లేచి ఉంటే సరిపోయేది. కానీ వెరెతినోలో పుట్టినవాళ్లకు అది చేతకాదు. చిరుగును సగం కుట్టి వదలడం నేతవాళ్లకు తినే కంచాన్ని తన్నినంత తప్పు. ఆమె వేళ్లు ఆగలేదు. ఆఖరి ముడి వేసి చూసుకుంటే కండె ఖాళీ.

సావా లోపలికి వచ్చాడు. కుట్టిన చోటును బొటనవేలితో తడిమాడు. "పో. గాలి తిరిగింది" అన్నాడు అంతే.

తిరుగుదారిలో అడవి దాటుతుండగా తెల్లగుర్రాల బండి పక్కన వచ్చి చేరింది.

"ఆ తోలుముక్క ఇటివ్వు" అన్నాడు బురాన్ తీయగా. "ఇప్పుడే, ఇక్కడే మీ అన్నని లేపుతాను."

దూన్య కాళ్లు ఆగిపోయాయి. దారం లేదు. సావా రాడు. చేతిలో ఉన్నది ఊదినా నిలవని బంతి.

"తక్కిన పదిమంది?"

"వాళ్లు నీకేమవుతారు?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. యెగోర్ చాచిన చేతులు కళ్లముందు ఆడాయి. తర్వాత నిదానంగా అంది: "లేవగానే మా అన్న అడిగే మొదటి మాట, తక్కినవాళ్లేరే అని. దానికి నా దగ్గర జవాబు లేదు."

బురాన్ ముఖంలో తీపి ఆరిపోయింది. "అయితే నీ కళ్లతోనే చూద్దువుగాని" అని గుర్రాలను అదిలించాడు.

దూన్య వెరెతినో చేరేసరికి నది మంచు మీద నీళ్లు మెరుస్తున్నాయి. ఊరంతా మైదానానికి వచ్చింది. బంతి చేయి నుంచి చేయికి తిరిగింది. నేతగాళ్లు, రంగులద్దేవాళ్లు, చివరికి మిల్లు వంటమనిషి కూడా ఊదారు. ఎంత ఊదినా లోపలి తిత్తి చిరుగులోంచి పొంగుకొచ్చి, ఊపిరి బుస్సుమని జారిపోయింది.

"దారమేం చేశావే?" అంది అగాఫ్యా అవ్వ.

"పుత్యేవో నాయకుడి జెర్సీకి కుట్టాను అవ్వా."

జనంలోంచి ఒక్కసారిగా అరుపులు లేచాయి. "అన్న కరిగిపోతుంటే పగవాడి చొక్కాకి అతుకులా?" అన్నారెవరో. దూన్య తల్లి మార్ఫా మాత్రం వచ్చి కూతురి పక్కన నిలబడింది. నది మీద ఫెళఫెళమని చప్పుడైంది. యెగోర్ వేలి చివరనుంచి నీటిచుక్క రాలింది. మైదానం అంచున బండిలో బురాన్ కాలు మీద కాలు వేసుకుని చూస్తున్నాడు.

అప్పుడు దూరంనుంచి కూత వినబడింది. ఏళ్లుగా రైలు రాని పట్టాల మీద, పొగ కక్కుకుంటూ ఇనప ఎద్దు వచ్చింది. దాని మీంచి సావా దిగాడు. ఒంటి మీద నీలం జెర్సీ, రొమ్ము మీద ఎర్ర కుట్టు. జనం దారి ఇవ్వలేదు. అతను తోసుకుంటూనే వచ్చాడు.

"సూది ఇవ్వమ్మాయ్" అన్నాడు.

జెర్సీ విప్పి, ముడి తెంపి, ఎర్రదారాన్ని ఒక్కొక్క కుట్టే ఊడలాగాడు. తొర్ర మళ్లీ తెరుచుకుంది.

"మావా, అది మీకోసం కుట్టింది" అంది దూన్య.

"తెలుసు. కుట్టావు, చూశాను. నాకది చాలు. జెర్సీకి చిరుగున్నా ఆడొచ్చు, బంతికుంటే ఆడలేం."

దూన్య కుట్టింది. ఈసారి దారం సరిపోయింది. బంతి మళ్లీ చేతులు మారింది, ఎవరూ అరవలేదు, ఒక్కొక్కరూ తమ ఊపిరి ఊది పక్కవారికి ఇచ్చారు. అగాఫ్యా అవ్వ ఊదినా బంతి రాయిలా నేలనే పడి ఉంది. చివర సావా మోకాళ్లమీద కూచుని గొట్టం నోట పెట్టుకున్నాడు. ఒక్క ఊపిరి. బంతి అతని చేతుల్లోంచి దానంతటదే ఎగిరి నేలకు తగిలి లేచింది.

దూన్య పరుగెత్తి, కళ్లు మూసుకుని, గోలుకేసి కొట్టింది. నది రెండుగా చీలిన చప్పుడు, మంచుచేతులు పెటిల్లున పగిలిన చప్పుడు ఒకేసారి వినిపించాయి. కళ్లు తెరిచేసరికి బంతి యెగోర్ గుండెల మీద ఉంది. తక్కిన పదిమందీ ఒళ్లు దులుపుకుంటున్నారు.

"కళ్లు మూసుకుని కొడతావేమే, దొంగా" అన్నాడు యెగోర్. "తక్కినవాళ్లేరి?"

"చూసుకో, అందరూ ఉన్నారు" అంది దూన్య. అప్పుడు ఏడ్చింది.

బురాన్ బండి దిగి వచ్చి బంగారు బంతిని నేల మీద దొర్లించాడు. అది రెండడుగులు కూడా పోలేదు. దాన్ని తన్నడానికి ఎవరూ కాలెత్తలేదు. అతను దాన్ని చంకన పెట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊళ్లో కనబడలేదు.

దూన్య పెద్దయ్యాక వెరెతినో క్లబ్‌కు పెద్ద అయింది. పుత్యేవోలో సావా మళ్లీ జట్టు కట్టాడు. రెండూళ్లూ ఇప్పటికీ ఒకరినొకరు నోరారా తిట్టుకుంటాయి, కానీ చొక్కాలు కాల్చుకోవు. రాజుగారి సైన్యం మాత్రం ఇంకా పొరుగుదేశంలోనే ఉంది. ద్వారాలు ఇంకా మూసే ఉన్నాయి. ఒక ఊరి ఊపిరితో తెరుచుకునేవి కావవి.

అందుకని దూన్య ఒక కొత్త పద్ధతి పెట్టింది. ఏటా వసంతంలో మిల్లంతా ఊదుతుంది, చివర్న ఎదుటి నాయకుడు ఊదుతాడు, అప్పటికీ బంతిలో ఇంకొక్క ఊపిరికి చోటు మిగులుస్తారు. బంతి కొంచెం మెత్తగా ఉంటోందని యెగోర్ ప్రతి ఏడూ సణుగుతాడు.

"ఉండనియ్ అన్నా" అంటుంది దూన్య. "అది ద్వారం అవతలివాళ్లది."