నీలం వద్దన్న స్నార్కెల్

"జీపుకి స్నార్కెల్ పెట్టకూడదు. నీ మిషన్ అంతే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పదకొండు నవ్వబోయి మానుకున్నాడు. పదిహేనేళ్ల సర్వీసులో చీఫ్ బ్రీఫింగ్ రూములో జోకు వేయగా అతను చూడలేదు.

ప్రొజెక్టర్ వెలిగింది. తెర మీద నెరిసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా.

"కెప్టెన్. పొరుగు దేశం గూఢచారుల రింగ్ లీడర్. మన రాడార్ కోడ్లన్నీ ఉన్న మైక్రోఫిల్మ్ ఎల్లుండి పొద్దున వీడి చేతికొస్తుంది. ఎక్కడ, ఎవరిస్తారో తెలీదు. అందుకే ముందుగా ముట్టుకోకూడదు. వంతెనల మీద మన చెకింగ్ ఉంది కాబట్టి జీపులో నది దాటుతాడు. నది మధ్యలో ఎర్ర స్తంభాల వరస మన సరిహద్దు. అది దాటాడంటే ఇక చూస్తూ నిలబడటమే."

"జీపుని ఆపాలి."

"అదే ఆగుతుంది. డ్యామ్ వాళ్లు నీళ్లు వదులుతున్నారు. రేవు దగ్గర నడుం పైన లోతు. ఇంజన్‌కి పైనుంచి గాలి అందించే స్నార్కెల్ లేని జీపు ముప్పై మీటర్లు పోయేసరికి ఆగిపోతుంది. తుంగ చాటున మన మోటారు బోటు ఉంటుంది. రేపు ఆ జీపు ఊరి చివర షెడ్డుకి వస్తోంది. ఓనర్ మనవాడే. మెకానిక్‌వి నువ్వు. స్నార్కెల్ అడిగితే ఏదో ఒకటి చెప్పి వద్దను."

తెర మీద రెండో ఫోటో పడింది. నల్ల కళ్లద్దాలు, మెడకి పట్టు స్కార్ఫ్, ఎవరినీ లెక్కచేయని నవ్వు.

చీఫ్ గొంతు తగ్గించాడు. "జీపు నడిపేది నీలం."

నీలం కోడ్‌నేమ్. మూడేళ్ల కింద డిపార్ట్‌మెంటే ఆమెను డబుల్ ఏజెంట్‌గా ఆ రింగులోకి పంపింది. అంతకు నాలుగు నెలల ముందు రిజిస్ట్రార్ ఆఫీసులో ఆమె పక్కన సంతకం పెట్టినవాడు పదకొండు.

"ఆర్నెల్లుగా ఒక్క రిపోర్టు లేదు," అన్నాడు చీఫ్. "ఇటుందో అటుందో తెలీదు. వేరేవాణ్ణి పంపమంటే పంపుతాను."

"నేనే వెళ్తాను సార్."

* * *

పెట్టుడు గడ్డం, గ్రీజు మరకల ఓవరాల్, ఎడమ బుగ్గలో గుడ్డ ముక్క. పదకొండుని అద్దం కూడా గుర్తుపట్టలేదు.

మధ్యాహ్నం రెండింటికి జీపు షెడ్డులోకి వచ్చింది. డ్రైవింగ్ సీటులోంచి నీలం దిగింది. చిక్కిపోయింది. కుడి మణికట్టు మీద కాలిన మచ్చ, మూడేళ్ల కింద లేనిది. అతను చప్పున చూపు తిప్పుకుని టైరు చూడసాగాడు.

"మేస్త్రీ, టూరిస్టు బండి ఇది," అన్నాడు కెప్టెన్. "నడుం లోతు నీళ్లలో దిగాలి. స్నార్కెల్ కావాలంటావా?"

పదకొండు బానెట్ ఎత్తి చూపించాడు. "ఇంజన్ ముక్కు ఇక్కడుంది సార్, హెడ్‌లైటు వెనక. నీళ్లు ఇక్కడిదాకా వస్తే గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. రాడ్లు వంగిపోతాయి. స్నార్కెల్ అంటే ఆ ముక్కుని టాపు ఎత్తుకి తీసుకెళ్లే గొట్టం."

"అక్కర్లేదు," అంది నీలం. "దానికోసం చక్రం మీది ఫెండర్‌ రేకుకి ఇంత కన్నం పెట్టాలి. బండి అందం పోతుంది. ఆ మాత్రం నీళ్లంటే నాకు భయం లేదు మేస్త్రీ."

"ఆవిడ మాట వదిలెయ్," అన్నాడు కెప్టెన్. "బండ్లు తెలిసినవాడివి. పెట్టాలో వద్దో నువ్వు చెప్పు."

వద్దనడానికి పదకొండు మూడు సాకులు కంఠతా పట్టి వచ్చాడు. కానీ కళ్ల ముందు నది కనబడింది. వదిలిన నీళ్ల వడి, మధ్యలో ఆగిపోయిన జీపు, పక్కకి ఒరుగుతున్న డ్రైవర్ తలుపు. ఆమె ఈతలో దిట్ట అని తెలుసు. తెలిసినా గుండె ఒప్పుకోలేదు.

"పెట్టాలి సార్," అంది అతని నోరు.

నీలం కళ్లద్దాలు తీసింది. ఒక్క క్షణం అతన్ని నిదానంగా చూసింది.

"మేస్త్రిగారికి జాగ్రత్త ఎక్కువ. మా ఇంట్లోనూ ఒకాయన ఉండేవాడు. చినుకు పడితే చాలు, నన్ను గుమ్మం దాటనిచ్చేవాడు కాదు."

"ఇప్పుడేడీ?" అన్నాడు కెప్టెన్.

"ఉన్నాడు. ఏం మారలేదు," అని ఆమె కళ్లద్దాలు పెట్టేసుకుంది.

సాయంత్రం దాకా పని సాగింది. కాగితం అచ్చు పెట్టి ఫెండర్ కోశాడు. గొట్టాన్ని డ్రైవర్ కిటికీ పక్కనుంచి టాపు దాకా నిలబెట్టాడు. ప్రతి అతుకుకీ సీలెంట్ రెండుసార్లు పట్టించాడు. పుట్టబోయే బిడ్డకి ఉయ్యాల బిగించేవాడు కూడా అంత శ్రద్ధగా బిగించడు. చివర్లో డ్యాష్‌బోర్డు కింద అగ్గిపెట్టెంత రిమోట్ కటాఫ్ అతికించాడు. రేవు ఒడ్డున మోకాలి లోతులోనే బటన్ నొక్కితే పెట్రోలు ఆగిపోతుంది. కెప్టెన్ దొరుకుతాడు, నీలం తడవదు. రేంజి ఎనభై మీటర్లు.

ట్రాన్స్‌మిటర్‌లో చీఫ్ అడిగాడు. "పెట్టలేదుగా?"

"పెట్టాను సార్. వద్దంటే అనుమానించేవాడు."

పదిహేనేళ్లలో చీఫ్‌తో అతను ఆడిన మొదటి అబద్ధం అది.

* * *

పొద్దున పది. రేవు పక్క తుంగలో రిమోట్ పట్టుకుని పదకొండు. పక్కన బోటు, అందులో ఐదుగురు కమాండోలు.

జీపు రేవుకి రాలేదు.

నాలుగు వందల మీటర్ల ఎగువన, ఎవరూ దిగని లోతు మడుగులో ఇంజన్ మోత వినిపించింది. కెప్టెన్ చివరి నిమిషంలో దారి మార్చాడు. స్నార్కెల్ ఉండగా రేవుతో పనేముంది?

"బోటు తియ్యండి!" అని అరిచి పదకొండు ఒడ్డు వెంట పరుగెత్తాడు. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. రిమోట్ మీద ఎర్ర లైటు వెలిగి ఆరిపోతోంది. అవుటాఫ్ రేంజ్.

బానెట్ మునిగింది. అయినా జీపు ఊపిరి తీసుకుంటూనే ఉంది. అతను బిగించిన అతుకుల్లో ఒక్కటీ వదల్లేదు. ఎర్ర స్తంభానికి ఇరవై మీటర్లు. పదిహేను. బోటు ఎదురు ప్రవాహంలో ఇంకా దూరంగానే ఉంది.

పది మీటర్లు.

డ్రైవర్ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతిలో పట్టు స్కార్ఫ్ ఉంది. నీలం కిటికీ మీదికి లేచి, ఆ స్కార్ఫ్‌ని ఉండ చేసి స్నార్కెల్ నోట్లో కుక్కి, అరచెయ్యి అడ్డంపెట్టి నొక్కింది. గాలి అందక ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

జీపులో తుపాకీ ఒక్కసారే పేలింది.

జీపు స్తంభానికి నాలుగు మీటర్ల ఇవతల నిలబడిపోయింది. కమాండోలు అందుకునేసరికి కెప్టెన్ మైక్రోఫిల్మ్‌ని నీళ్లలోకి విసరబోతున్నాడు. చెయ్యి గాలిలో ఉండగానే పట్టుకున్నారు. డ్రైవర్ సీటు ఖాళీగా ఉంది.

పదకొండు అలాగే నీళ్లలోకి దూకాడు. సాయంత్రం దాకా వెతికారు. రెండు వంపుల దిగువన, రాళ్ల మధ్య ఆమె దొరికింది. అతను తన పెట్టుడు గడ్డం పీకేసి పక్కన కూర్చున్నాడు. మూడేళ్ల తర్వాత ఆమె ముందు సొంత మొహంతో కూర్చోవడం అదే.



* * *

వారం తర్వాత చీఫ్ ఇంటరాగేషన్ ఫైలు టేబులు మీద పెట్టాడు.

"చదవకపోయినా ఫర్వాలేదు."

పదకొండు చదివాడు. ఆర్నెల్లుగా కెప్టెన్ ఆమె మీద అనుమానంతో గది రోజూ సోదా చేయించాడట. రేడియో ముట్టుకునే వీలే లేకపోయింది. మూడో పేజీలో కెప్టెన్ మాటలు ఉన్నది ఉన్నట్టు టైపు చేసి ఉన్నాయి: 'ఇంజన్ దానంతటదే ఆగి ఉంటే నదిని తిట్టుకునేవాణ్ణి. ఆవిణ్ణి కాల్చేవాణ్ణి కాదు.'

ఆ వాక్యం కింద అతను వేలు పెట్టాడు.

"ఆమె నాకు చెప్పింది సార్. అక్కర్లేదని నా మొహం మీదే చెప్పింది."

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. "నీ స్థానంలో నేనున్నా..." అని మొదలుపెట్టి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. "ఇది వాహనాల విభాగం నుంచి. వాళ్లకేమీ తెలీదు. ఫైలు మూయడానికి నీ సంతకం కావాలి."

పదకొండు సంతకం పెట్టి, అప్పుడు చదివాడు. జీపు ఇంజన్ విప్పి చూశారట. లోపల చుక్క నీరు లేదు. స్నార్కెల్ బిగించిన మెకానిక్ పనితనం మెచ్చుకోదగ్గదని, అతణ్ణి డిపార్ట్‌మెంటులో పర్మనెంటుగా తీసుకోవాలని సిఫారసు చేశారు.