కుడి బొమ్మలోని మనిషి

“రంజాన్‌కు ముందే మీ అక్కను విమానం ఎక్కిస్తాను. నా మాట నమ్ము.”

కువైట్‌లో మిష్రిఫ్ పేటలోని విల్లా యజమాని ఫోన్లో అన్న మాట ఇది. రంజాన్ వచ్చింది, పోయింది. అక్కడ పనిమనిషిగా ఉన్న రెడ్డెమ్మ మాత్రం ఇంటికి చేరలేదు. “పారిపోయింది, ఖలాస్, ఇంక అంతే” అని చెప్పి ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆమె తమ్ముడు సుధాకర్ అదే ఊళ్లో, ఫర్వానియాలో ఒక ఫోటో స్టూడియోలో పాత ఫోటోలు స్కాన్ చేస్తాడు. అక్క కోసం తెలిసిన ప్రతి గుమ్మమూ తొక్కాడు. పనిమనిషి మాయమైతే పారిపోయిందంటారు, యజమాని మాట తప్పితే మరిచిపోయాడంటారు. ఎవరి నోట విన్నా అదే న్యాయం.

మే నెలలో ఆ విల్లా నుంచే స్టూడియోకు పని వచ్చింది. వందేళ్లు దాటిన అమెరికా యాత్రల ఫోటోలట, బయటికి ఇవ్వరట. చిరునామా చూసి సుధాకర్ తనే వెళ్తానన్నాడు. ఎవరి తమ్ముడో మాత్రం చెప్పలేదు.

తలుపు తీసిన వంటమనిషి ఆసియా బీ అతని ముఖం చూసి ఆగిపోయింది.

“రెడ్డెమ్మ తమ్మునివి గదూ? అదే ముక్కు.”

“మెల్లగా బూబమ్మా. అక్క యాడుంది?”

“తెలిస్తే నాకు నిద్ర పట్టేది నాయనా. ఆమె చెప్పులు ఇంకా వాకిలి కాడనే ఉండాయి.”

“హక్కులు అడుక్కునేవి కావు బూబమ్మా, గుంజుకునేవి.”

“ఆ మీటింగు మాటలు మీ రూములో చెప్పుకో. ఇక్కడ గోడలకు తెలుగు రాదు గానీ ఇంటి యజమానమ్మకు చెవులుండాయి.”

ఫోటోలు పెట్టిన గదికి, వాటికి వెలుతురు తగలకుండా మందపాటి తెరలు వేశారు. బయట దుమ్ముగాలి లేచి, మిట్టమధ్యాహ్నమే ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. గదిలో ఆరిన బఖూర్ ధూపం వాసన. దాని కింద, ఎక్కడిదో తడిమట్టి వాసన.

ఒక్కో అట్ట మీద ఒకే దృశ్యం రెండుసార్లు, పక్కపక్కన అచ్చయి ఉంది. స్టీరియోస్కోపు అనే చెక్క పరికరంలో ఆ అట్ట పెట్టి, దాని రెండు అద్దాల్లోంచి చూస్తే రెండు బొమ్మలూ కలిసిపోయి నిజమంత లోతుగా కనిపిస్తాయి. బండి పోయేలా మొదలు తొలిచిన మహావృక్షం. వేడినీళ్లు చిమ్మే ఎల్లోస్టోన్ బుగ్గ. గ్రాండ్ కేన్యన్ అంచున టోపీల దొరలు, మూలగా వాళ్ల మూటలు మోస్తూ ఒక మనిషి. దొరల పేర్లు అట్ట వెనక ఉన్నాయి. మోసేవాడి పేరు లేదు. సుధాకర్ పళ్లు కొరికాడు.

తర్వాతది నయాగరా. రెయిలింగు వెంట తడికోట్ల యాత్రికులు. వాళ్ల మధ్య ఏదో మినుకుమంది. ఒక కంటికి కనబడి ఇంకో కంటికి కనబడనిది అలాగే మినుకుమంటుంది. ఒక బొమ్మ మీద మరకేమో అనుకుని తుడిచాడు.

పోలేదు.

ఎడమ కన్ను మూశాడు. మినుకు ఆగింది.

ఇంటిపని గౌను. తలకు గుడ్డ. వీపు ఇటువైపు… భుజం మీద సగంలో ముడేసిన జడ.

కుడి కన్ను మూశాడు. ఎడమ బొమ్మలో అక్కడ ఎవరూ లేరు.

మళ్లీ తెరిచాడు. ఉంది. ఈసారి తల కొంచెం తిరిగి ఉంది.

నీళ్ల హోరు వినిపించింది. ఏసీ అనుకున్నాడు. ఏసీ ఎప్పుడో ఆగిపోయింది…

తల ఇంకా తిరిగింది. చెంప… ముక్కు…

“అక్కా!”

తలుపు తెరుచుకుంది. యజమాని, చేతిలో తస్బీ జపమాల తిప్పుతూ. “ఎందుకు అరిచావు?” అన్నాడు అరబ్బీలో.

సుధాకర్ పరికరం ఆయన చేతికిచ్చాడు. “కుడి కంటితో చూడు బాబా.”

ముసలాయన చూశాడు. చాలాసేపు చూశాడు. తస్బీ జారి నేల మీద పడింది.

“ఈమె పక్కన రెండోది కూడానా…” అని గొణిగాడు.

“రెండోది ఎవరు?”

సుధాకర్ పరికరం లాక్కుని చూశాడు. రెడ్డెమ్మ ఒక్కతే ఉంది. పక్కన ఎవరూ లేరు. కానీ ఆమె అరచెయ్యి తన మోచేతి ఎత్తున, గాలిలో, మెల్లగా కదులుతోంది… ఎవరి తలనో నిమురుతున్నట్టు.

అట్ట అంచు నుంచి అతని వేళ్ల మీదికి నీటి చుక్క జారింది. చల్లగా ఉంది.

“నేను రెడ్డెమ్మ తమ్ముణ్ణి” అన్నాడు. “మా అక్క ఎక్కడ? ఆ పక్కనున్నది ఎవరి బిడ్డ? చెప్పకపోతే ఈ అట్ట పట్టుకుని మీ వీధి వీధంతా తిరుగుతా. నువ్వు రంజాన్ గడువు పెట్టావు, నా గడువు జూన్ పది.”