ఎర్రచుక్క పెట్టిన జంపర్

సింధుజను అనంతగిరి ఘాట్ రోడ్డు మీద కాల్చింది శత్రువులు కాదు, మన డిపార్ట్‌మెంటే. డబుల్ ఏజెంట్‌గా ముఠాలో చేరి వాళ్ళకే అమ్ముడుపోయిందని రిపోర్టు పంపింది ఏజెంట్ మల్లేశ్వర్, ఏళ్ళ తరబడి ఆమె పక్కన పనిచేసినవాడు.

ఆ పొద్దునే సింధుజ అతనికి చివరిసారి ఫోన్ చేసి ఒక్క మాటే అన్నది. "కందులు ఎండినయి మల్లేశ్." ప్రమాదం తప్పిందని ఆ కోడ్‌కు అర్థం. అతను ఎగతాళి అనుకుని ఫోన్ పెట్టేశాడు.

ఏడవడానికి కూడా టైమివ్వలేదు. వికారాబాద్ ఆఫీసులో చీఫ్ బ్రీఫింగ్.

"ఇవాళ తాండూరు మీదుగా మందుగుండు రైలు. నాపరాయి లారీలు దాటే గేటు దగ్గర దాన్ని లారీకి గుద్దించి పేల్చాలని విదేశీ ముఠా ప్లాన్. గేటు మూతపడకుండా సింధుజ కంప్యూటర్‌ను పాడుచేసింది. బాగుచెయ్."

"రైలు ఆపొచ్చు కదా?"

"పైవాళ్ళు ఒప్పుకోరు."

పైవాళ్ళెప్పుడు లారీ ఎక్కారు గనక!

కంది వ్యాపారి వేషంలో మల్లేశ్వర్ గేటు చేరాడు. గేటు కాపలా అష్రఫున్నీసా అతని ఐడీ కార్డు చూసి నవ్వింది.

"వేషం మస్తుంది గని, మీసం ఊడుతుంది సార్, జర చూస్కో."

"కంప్యూటర్ ఎక్కడ?"

ఆమె నవ్వు ఆగింది. "దాన్ని ముట్టకుండ్రి. గిట్లనే ఉండనీ, గేటు చేత్తోని తిప్పుకో అని పొద్దుగాల సింధుజ మేడం చెప్పింది."

"ఆమె ద్రోహి."

"గట్లనా? ద్రోహి గింత ఏడుస్తదా సార్? నేనిచ్చిన చాయ్ సుత తాగలే."

వినలేదు. లోపలికెళ్ళి పాత కంప్యూటర్ డబ్బా విప్పాడు. ఎనిమిది పోర్టుల సీరియల్ కార్డు. గేట్లకు కమాండ్లు దాని గుండానే పోతాయి. బుల్లి స్విచ్‌లన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా జంపర్‌లో. రెండు పిన్నులను కలిపే ఆ నల్లటి టోపీని పక్క కార్డు కంప్యూటర్‌ను పిలిచే లైన్ మీదే సింధుజ తొడిగింది. రెండు కార్డులు ఒకే లైన్ కోసం కొట్టుకుని రెండూ మూగబోయాయి.

జంపర్ పక్కన ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క. తెలిసే పెట్టాను, కదపొద్దు అని వాళ్ళిద్దరి మధ్య గుర్తు. ఆమె నేర్పిందే.

ద్రోహి చుక్కకు విలువేంటి? జంపర్ పీకి ఖాళీ లైన్‌కు మార్చి పవర్ వేశాడు. స్క్రీన్ వెలిగింది.

"సార్!" బయట నుంచి కేక. "గేటు దానంతటదే లేస్తుంది! రైలొస్తుంది!"

అతను ఇవ్వని కమాండ్లు స్క్రీన్ మీద పరుగెడుతున్నాయి. ఆ కార్డే ముఠాది. సింధుజ పెట్టనంటే ఇంకొకరి చేత పెట్టించేవాళ్ళు. అందుకే తనే పెట్టింది. పెట్టి, ఒక్క జంపర్‌తో దాని పీక నొక్కింది.

పవర్ ఆపే తీరిక లేదు. ఉత్తి చేత్తో జంపర్‌ను ఎర్రచుక్క దగ్గరికి తోశాడు. నిప్పురవ్వ. స్క్రీన్ చచ్చింది. గేటు సగంలో ఆగింది. అష్రఫున్నీసా హ్యాండిల్ మీద పడింది.

"ఎన్కకు తియ్‌రా లారీ! సావాల్నని ఉందారా!"

గేటు దిగింది. రైలు దూసుకుపోయింది. లారీ అద్దం మీద దుమ్ము తప్ప ఏమీ పడలేదు.

ఫోన్ మోగింది. "శభాష్ మల్లేశ్వర్! మెడల్‌కు నీ పేరు రాస్తున్నా. రిపోర్ట్?"

కాలిన వేళ్ళను చూసుకున్నాడు. ఊడిన మీసం కార్డు మీద పడి ఉంది.

"కందులు ఎండినయి సార్. పొద్దున్నే ఎండినయి. నేనే మళ్ళీ తడిపాను."