మూడు దెబ్బల జవాబు

డిటెక్టివ్ గదిలోకి వచ్చినావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. తాను ట్యాంకర్ డ్రైవర్ చెల్లెలినని చెప్పుకుంది. మొన్న మధ్యాహ్నం వాళ్ళన్నయ్య తెచ్చిన ట్యాంకర్ లోపల, దాన్ని కడిగే పెద్దాయన చచ్చిపడి ఉన్నాడు. ఒంటి మీద చిన్న గీరుడైనా లేదు. నేరం డ్రైవర్ నెత్తిన పడింది. రేపు పొద్దున్నే అరెస్టు.

"మా అన్నయ్య ట్యాంకర్ మూతకి ఎర్రగుడ్డ కట్టాడండి. ఎవరూ నమ్మటం లేదు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇంకోటుంది. ఆ రోజు నుంచీ, పొద్దు వాలేసరికి ఆ ఖాళీ ట్యాంకర్ని లోపల్నుంచి ఎవరో తడుతున్నారు. సరిగ్గా మూడుసార్లు."

డిటెక్టివ్ సహాయకురాలు, తన గురువుగారికి తెలియనిది లోకంలో లేదని నమ్మే మనిషి, ఆ మాటకి రాయడం ఆపేసింది. ఆయన అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు.

ట్యాంకర్లు కడిగే యార్డు గేటు దగ్గర వాచ్‌మన్ సహాయకురాలి తాళంచెవులు తీసి పెట్టుకున్నాడు. ఇనుము రాసుకుని ఒక్క నిప్పురవ్వ లేచినా అక్కడ బూడిద కూడా మిగలదట. అందుకే లోపల పనిముట్లన్నీ ఇత్తడివి, లేదా చెక్కవి. రూల్సు ఊరందరికీ చెప్పే సూపర్‌వైజర్ మాత్రం నడుముకి ఇనప తాళాల గుత్తి వేలాడేసుకుని ఎదురొచ్చాడు.

సంగతంతా ఆయనే విడమరిచాడు. ఆ ట్యాంకర్‌లో వచ్చే రసాయనానికి గాలి తగిలితే మంట లేస్తుంది. సరుకు దించాక గాలి చొరబడకుండా నైట్రోజన్ నింపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు. దిగినవాడు రెండో ఊపిరికే కూలిపోతాడు. అందుకే బయల్దేరేముందే డ్రైవర్, లోపలికి దిగొద్దన్న గుర్తుగా, మూత పిడికి ఎర్రగుడ్డ కట్టాలి. కట్టలేదు, పెద్దాయన మోసపోయాడు. అరుపులు వినబడేదాకా తాను గది దాటలేదని సూపర్‌వైజర్ రెండుసార్లు చెప్పాడు.

పెద్దాయనతో కలిసి పనిచేసేది ఆయన అల్లుడే. చెక్కసుత్తి ఒళ్ళో పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు.

"దిగేముందు మామయ్య మూత మీద మూడు దెబ్బలు కొడతాడు. కింద కాపలా ఉన్నవాడు తిరిగి మూడు కొడితేనే దిగుతాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదండి."

"మొన్న కాపలా ఎవరు?"

"నేను లేనండి. అడక్కుండానే సెలవిచ్చారు. జవాబు రాకుండా ఎలా దిగాడో అదే అంతుపట్టట్లేదు."

అడగ్గా అడగ్గా ఇంకో సంగతి చెప్పాడు. కడగని ట్యాంకర్లకి 'కడిగినది' అని బోర్డు పెట్టి పంపుతున్నారని, మర్నాడు తనిఖీకి వచ్చేవాళ్ళతో చెప్పేస్తానని మామయ్య అన్నాడట.

డిటెక్టివ్ నిచ్చెనెక్కాడు. మూత పిడి మీద దారి దుమ్ము మందంగా పేరుకుంది. మధ్యలో నాలుగు వేళ్ళ మేర మాత్రం శుభ్రంగా ఉంది. కిందికి దిగి నిచ్చెన పక్కన వంగాడు. ట్యాంకర్ నీలిరంగు మీద మూడు కొత్త గీతలున్నాయి. వాటిని సహాయకురాలికి చూపించి, ఇన్‌స్పెక్టర్‌కి కబురు పెట్టాడు.

పొద్దు వాలుతుండగా అందరూ ట్యాంకర్ దగ్గర చేరారు. చెల్లెలు అన్నయ్య చెయ్యి వదల్లేదు.

"డ్రైవర్ గుడ్డ కట్టాడు," అన్నాడు డిటెక్టివ్. "దారంతా పడ్డ దుమ్ము ఆ గుడ్డ కింద పడలేదు. అతను భోజనానికి వెళ్ళాక ఎవరో విప్పేశారు. పెద్దాయన మూత తట్టాడు. జవాబు వచ్చింది కనకే దిగాడు. ఆ జవాబు ఇదిగో." గీతలు చూపించాడు. "చెక్కైతే గీత పడదు. ఇత్తడైతే పసుప్పచ్చ మరక ఉండేది. కొట్టింది ఇనుముతో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సూపర్‌వైజర్ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. ఇన్‌స్పెక్టర్ గుత్తి లాక్కుని చూశాడు. పెద్ద తాళంచెవి పళ్ళలో నీలిరంగు ఇరుక్కుని ఉంది.

"తనిఖీవాళ్ళకి నా బోర్డుల సంగతి చెప్పేస్తానన్నాడు. నేనుంటాను దిగమన్నాను. నమ్మాడు," అన్నాడు సూపర్‌వైజర్, ఎవరి మొహమూ చూడకుండా. "రెండే ఊపిర్లు. నొప్పి కూడా తెలీదు."

అప్పుడు ట్యాంకర్ లోపల్నుంచి చప్పుడైంది. ఒకటి, రెండు, మూడు.

సూపర్‌వైజర్ ట్యాంకర్ నుంచి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. ఎండకి కాగిన రేకు చల్లబడుతోందంతేనని డిటెక్టివ్ మెల్లగా చెప్పాడు. అల్లుడు ఆ మాట విన్నాడు, తలూపాడు కూడా. అయినా చెక్కసుత్తి తీసుకుని ట్యాంకర్ దగ్గరికి నడిచి, నెమ్మదిగా మూడు దెబ్బలు కొట్టాడు.

"ఉన్నాను మామయ్యా," అన్నాడు.

డ్రైవర్ చెల్లెలితో పాటు ఇంటికి వెళ్ళాడు. ఆ యార్డులో ఎండ రోజూ కాస్తూనే ఉంది, రేకు రోజూ చల్లబడుతూనే ఉంది. తట్టిన చప్పుడు మాత్రం మళ్ళీ ఎవరికీ వినబడలేదు. ఎందుకని సహాయకురాలు అడిగితే, గురువుగారు మొదటిసారి తనకు తెలియదన్నాడు.