నీలం దారం, నల్ల దారం

"నా కళ్లు పోతున్నాయయ్యా. వాటంతటవి పోవటం లేదు, ఎవరో తోస్తున్నారు," అంది న్యా ప్లాసిదా, కుర్చీలో కూర్చోకుండానే.

పరాగ్వేలోని ఇటౌగువా ఊళ్లో అందరూ గౌరవంగా 'న్యా' అని పిలిచే ఆమెది సాలెగూటి లేసు అల్లటంలో అందెవేసిన చెయ్యి. కంటి నడిమి చూపు అరిగిపోయే జబ్బు ఆమెకు మొదట్లోనే బయటపడింది. పొద్దున్నే కాసేపు ఆసుపత్రిలో ఎర్ర దీపం ముందు కూర్చుంటే జబ్బు నెమ్మదించవచ్చని బర్రేతో అనే డాక్టరు చెప్పాడు. నాలుగు నెలలు బాగానే గడిచింది. ఈ నెల మాత్రం చూపు పరీక్షించుకునే గళ్ల కాగితం మీద గీతలు వంకర తిరుగుతున్నాయి. వైద్యంలో తానేమీ మార్చలేదని డాక్టరు అంటున్నాడు, ఊరేమో ఆయన్నే తిడుతోంది.

డిటెక్టివ్ ఫెర్మిన్ ఒవెలార్ తెరెరే అనే చల్లని ఆకు పానీయం తాగి, కొమ్ము గ్లాసును సహాయకురాలు సుల్మాకు అందించాడు. దీపం ముందు కూర్చుని ఏం చేస్తావని అడిగాడు.

"ఊరుకునే చేతులా ఇవి? దారాలు ఏరతాను. ఆ వెలుగులో నీలం, నలుపు రెండూ నల్లగానే ఉండేవి, రోజూ తిట్టుకునేదాన్ని. ఈ నెల మొదట్లో ఒకరోజు చక్కగా విడదీశాను. చెంపకు వెచ్చగా కూడా తగిలింది. ఇరెనియోతో ఆ మాటే అంటే, మర్నాటి నుంచి దారాలు తేవద్దన్నాడు. దుమ్మట."

ఇరెనియో ఆ దీపం నడిపే మనిషి. అతని తల్లీ ఒకప్పుడు లేసు అల్లినదే.

చూపు తగ్గినామె రంగులెలా విడదీసిందని సుల్మా అడిగింది. తననూ తొలుస్తున్నది అదేనన్నాడు ఒవెలార్.

మర్నాడు ఆసుపత్రిలో అందరినీ కూర్చోబెట్టి, దీపం వెలిగించి, కింద రెండు దారాలు పెట్టాడు. నీలం నీలంగానే కనిపించింది.

"అసలు దీపం ఎరుపు తప్ప మరో రంగు ఇవ్వదు. దాని కింద నీలం నల్లబడాలి. ఇది రంగు పూసిన మామూలు బల్బు, మిగతా రంగులూ కొంత బయటికొస్తాయి, వేడీ అందుకే. దీపం పెట్టే అలమార తాళాలు డాక్టరుగారి దగ్గర ఒకటి, ఇరెనియో దగ్గర ఒకటి. డాక్టరుగారికి దారాల గొడవే తెలీదు. వాటికి భయపడినవాడు ఒక్కడే."

ఇరెనియో దాచలేదు. అసలు దీపం వాళ్లమ్మ మంచం పక్కన ఉంది. ఆమె చూపు ఏనాడో పోయింది, దీపంతో అది తిరిగి రాదని డాక్టరు ముందే చెప్పాడు. అతను నమ్మలేదు.

"కనిపించిందా మీ అమ్మకి?" అని అడిగింది ప్లాసిదా.

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరి నాకెందుకురా లేకుండా చేశావు?"

సాయంత్రానికి అసలు దీపం ఆసుపత్రికి తిరిగి వచ్చింది, వంకర గీతలు మాత్రం సరికాలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె దారాలు ఒళ్లో పోసుకుని దీపం ముందు కూర్చుంది. నీలం, నలుపు మళ్లీ ఒకటైపోయాయి. ఈసారి ఆమె తిట్టుకోలేదు.