ఓబద్యా ఫెన్ సంతకం

నా పేరు హొరేస్ ఆల్డస్. ఇంగ్లండులో సముద్రపొడ్డు ఊరు లోస్టాఫ్ట్‌లో బ్యాంకు క్యాషియర్ని. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, పుణ్యముంటుంది.

పగలంతా జనం సంతకాలు చూడటం నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ సంతకాలే చూసుకోవడం నా సరదా. పోయిన శతాబ్దపు చిత్రకారుల సంతకాలు. మహామహులవి కాదు లెండి, వాళ్ళ ఉత్తరాలు లండన్‌లో ప్రభువులు కొనుక్కుంటారు. మాలాంటివాళ్ళకి మిగిలేది చిన్నవాళ్ళు. ఆవుల్ని వేసినవాళ్ళు, పడవల్ని వేసినవాళ్ళు, మేయర్ల పెళ్ళాలని ఉన్నదానికంటే సన్నగా వేసి పొట్టపోసుకున్నవాళ్ళు.

మాలో ఒక ఆనవాయితీ ఉంది. మహామహుడి ఉత్తరమైతే మొత్తం దాచుకుంటాం. చిన్నవాడిదైతే సంతకం ఉన్నమేరకు నీటుగా కత్తిరించి, ఆల్బంలో అంటించి, మిగతాది పొయ్యిలో పడేస్తాం. చిన్నవాడు ఏం రాస్తాడు గనక? చలి, దగ్గు, ఈ ఏడూ నా బొమ్మ ప్రదర్శనకి తీసుకోలేదన్న ఏడుపు. అదంతా ఎవడు చదువుతాడు?

ఈ సరదాలో నాకో పోటీదారుడు ఉన్నాడు. హై స్ట్రీట్‌లో వాడిది మందుల షాపు. ఇద్దరం ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకర్నొకరు గిచ్చుకుంటూ పెరిగాం. వాడి పేరు... ఆగండి. ప్రస్తుతానికి కెమిస్టు అందాం.

డిసెంబరులో ఒక ఆదివారం కెమిస్టు మా ఇంటికి ఊడిపడ్డాడు. టోపీ కూడా తియ్యలేదు.

"ఒరేయ్ హొరేస్, ఓబద్యా ఫెన్ దొరికాడ్రా!"

ఓబద్యా ఫెన్ అంటే సముద్రం బొమ్మలు వేసినవాడు. బతికినంతకాలం ఒక దళారీ దగ్గర పనిచేశాడు. ఆయన వేసిన ప్రతి బొమ్మ కిందా ఆ దళారీ ఇంకెవరో పేరున్నవాడి పేరు రాయించి అమ్ముకున్నాడు. ఫెన్ సంతకం ఉన్న బొమ్మ ఈ భూప్రపంచంలో ఒక్కటీ లేదు. అందుకే మాలాంటివాళ్ళకి ఆ సంతకమంటే అంత పిచ్చి.

"ఎక్కడ?" అన్నాను, గొంతులో ఏడుపు తెలియకుండా.

"కూతురింట్లో. ముసల్ది ఇంకా బతికే ఉంది. తండ్రి రాసిన ఉత్తరం ఒకటి ఉందట. నేనొక్కణ్ణే వెళ్దామనుకున్నా... తర్వాత నీ మొహం చూడాలనిపించింది."

అదీ మా స్నేహం.

సముద్రం ఏటేటా కాస్త కొరుక్కుతింటున్న ఒక చిన్న పల్లెలో, చర్చికి ఆనుకుని ఉంది ఆ ఇల్లు. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు కూడా కాలేదు గానీ అప్పుడే వెలుతురు పలచబడిపోతోంది. గుమ్మం పక్కన గోనెపట్టా కప్పిన సమాధిరాయి గోడకి చేరవేసి ఉంది. కెమిస్టు పట్టా ఎత్తి చూశాడు. 'ఇక్కడ విశ్రమించినవాడు' అని చెక్కి ఉంది. దాని కింద నున్నటి రాయి, అంతే.

తలుపు తీసిన మిస్ కెజియా ఫెన్‌కి తొంభై దగ్గర పడుంటాయి. పిచ్చుకంత మనిషి. లోపల పొగబెట్టిన హెర్రింగ్ చేపల వాసన. దాని వెనకే ఇంకో వాసన... రంగుల్లో కలిపే టర్పెంటైన్. ఆ ఇంట్లో కుంచె పట్టినవాడు చచ్చి నలభై ఏళ్ళయింది.

బల్ల మీద కప్పులు నాలుగున్నాయి. మేం ముగ్గురం.

"ఇంకెవరైనా వస్తున్నారా?" అన్నాడు కెమిస్టు.

"రావడమెందుకూ, ఇక్కడే ఉంటేనూ!" అని ఆవిడ నాలుగో కప్పులోనూ టీ పోసి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. కెమిస్టు బల్లకింద నా కాలు తొక్కాడు. నవ్వు ఆపుకోలేక నేను రొట్టెముక్క నోట్లో కుక్కుకున్నాను.

బైబిల్లోంచి ఉత్తరం తీసింది. మడతలు చిరగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఏం రాసుందో నేను చూడలేదు, అబద్ధమెందుకు. కిందకే చూశాను. ఓబద్యా ఫెన్. ఆ పొడుగాటి అక్షరాలు, చివర 'ఎన్' కిందకి గాలానికి పడ్డ చేపలా మెలితిరిగిన గీత.

కెమిస్టు బేరం మొదలుపెట్టాడు. ఆవిడ సాగనివ్వలేదు.

"అమ్మను నాయనా. బతికున్నన్నాళ్ళూ మా నాన్నని ఆయన పేరు ఆయన రాసుకోనివ్వలేదు. చచ్చాకైనా, ఆయన చేత్తో రాసిన పేరే ఆయన తల దగ్గర ఉండాలి. ఈ వారంలో మేస్త్రీ వచ్చి దీన్ని అద్ది రాయి మీద చెక్కుతానన్నాడు. అది కళ్ళారా చూసి పోదామనే, ఇన్నాళ్ళూ పోకుండా కూర్చున్నా."

చెప్పి, వేడినీళ్ళు తేవడానికి వంటగదిలోకి వెళ్ళింది.

కెమిస్టు కోటు లోపలి జేబులోంచి కత్తెర తీశాడు. కురుపులు కోసే వంకర కత్తెర. కచక్... కచక్... కచక్... కచక్. నాలుగు వైపులా నాలుగు కోతలు. ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టేశాడు. ఇంతా చేసి నాకు కన్ను కొట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ ముసలావిడ మీద జాలితో అనుకుంటున్నారా? కాదు. కత్తెర తెచ్చుకోవాలన్న బుద్ధి నాకెందుకు పుట్టలేదా అని.

సెలవు తీసుకుని గుమ్మం దాటుతుంటే వెనక ఆవిడ గొంతు వినిపించింది. "వెళ్తున్నారు నాన్నా. చూశావుగా?" నేను వెనక్కి తిరిగాను. ఖాళీ కుర్చీ ముందు కప్పులో టీ సగానికి తగ్గి ఉంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు, "శాపనార్థాలు పెడుతుందేమోరా," అన్నాను.

"పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయా?" అని జేబు తట్టుకున్నాడు కెమిస్టు.

తర్వాతి వారం వాడు బ్యాంకుకొచ్చి చెక్కు ఇచ్చాడు. చూద్దును కదా, సంతకం ఉండాల్సినచోట దీర్ఘచతురస్రంగా కంత. అంచులు భలే నీటుగా ఉన్నాయి.

"సంతకాలు కొయ్యడం అలవాటైపోయి సొంతదీ కోసేసుకున్నావట్రా?" అన్నాను.

వాడు నవ్వలేదు. "ఇందాక ఇంట్లోనే సంతకం పెట్టాను. జేబులో ఉండగా..." అని ఇంకో చెక్కు తీసి నా ఎదురుగానే సంతకం చేశాడు. సిరా అద్దుడు కాగితం కోసం నేను పక్కకి తిరిగి మళ్ళీ చూసేలోగా అక్కడా కంతే. వాడి మొహం సున్నం కొట్టినట్టయింది. నాకు మాత్రం ఎంత హాయిగా నవ్వొచ్చిందో!

రెండ్రోజులకి షాపు బోర్డులో వాడి పేరున్న చెక్కముక్క లేదు. మందుసీసాల మీద అంటించే చీటీల్లో పేరున్న మేరకు లేదు. ఊళ్ళో ఎవడో పోకిరీ పని అన్నారు. దొంగకి తేలు కుట్టినట్టు వాడు కిక్కురుమనలేదు. నేను రోజూ పనిగట్టుకుని ఆ వీధిలోంచే వెళ్ళి, బోర్డులో ఆ ఖాళీని తీరిగ్గా చూసి, టోపీ ఎత్తి మరీ పలకరించేవాణ్ణి.

క్రిస్మస్ దగ్గరపడ్డాక ఒకరోజు కబురు పెట్టాడు. బ్యాంకు మూసి వెళ్ళేసరికి నాలుగైంది. బయట పొగమంచు, చీకటి. షాపు వెనక గదిలో చిన్న దీపం. లోపల అడుగుపెట్టగానే వాసన తగిలింది. హెర్రింగ్... టర్పెంటైన్.

కెమిస్టు కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. ఆల్బం నా వైపు తోశాడు.

"ఆ ముక్క తీసుకుపో హొరేస్. ఆవిడకి ఇచ్చెయ్. నాకు కాలు బయటపెట్టాలంటే భయంగా ఉంది."

"చేసుకున్నవాడికి చేసుకున్నంత. నువ్వు కోశావు, నువ్వే ఇచ్చుకో."

వాడు కుడి అరచెయ్యి దీపం కిందకి చాపాడు. మధ్యలో చర్మం లేదు. దీర్ఘచతురస్రం... నాలుగు మూలలూ చక్కగా... రక్తం చుక్కలేదు.

"ఒరేయ్..." గుసగుసలాడాడు. "నా పేరేమిట్రా?"

"నాటకాలాడకు."

"నిజంగా అడుగుతున్నా. చిన్నప్పుడు నన్ను ఏమని పిలిచేవాడివి? ఒక్కసారి పిలు... చాలు."

నోరు తెరిచాను. బడి గుర్తుంది. బెంచీ గుర్తుంది. దాని మీద వాడు చెక్కిన తన పేరు మొదటి అక్షరాలు... అవి మాత్రం లేవు. నాలుక చివర కూడా లేవు. అక్కడ కంత.

దీపం తగ్గింది. ఎవరూ దాని జోలికి పోలేదు.

కచక్.

బల్లకింద అనిపించింది.

కచక్... కుర్చీ వెనక.

"ఫెన్‌కి చెప్పరా... ఇచ్చేస్తానని..." కెమిస్టు గొంతు.

కచక్... కచక్.

దీపం ఆరిపోయింది. ఏదో తడి గుడ్డ చింపినట్టు చిన్న చప్పుడు. ఆ తర్వాత ఎవరో నింపాదిగా ఊపిరి పీల్చుకున్నారు. అది కెమిస్టు ఊపిరి కాదు. చాలా ముసలి ఊపిరి.

అగ్గిపుల్ల గీశాను. రెండోది అంటుకుంది. కెమిస్టు కుర్చీలోనే ఉన్నాడు, కళ్ళు తెరిచి. కోటు, దాని కింద వెయిస్ట్‌కోటు, దాని కింద చొక్కా... గుండె మీద ఒకే కొలతలో కంత. చొక్కాతో ఆగిందో లేదో నేను చూడలేదు. పుల్ల చేతిలో కాలింది. ఆల్బం పట్టుకుని పరిగెత్తాను.

డాక్టరు గుండె ఆగిందని రాశాడు. పేరు రాయాల్సిన చోట కలం పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి 'మందుల షాపు యజమాని' అని రాసి లేచిపోయాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నేనలా అనను. వాడు వెధవ. కానీ వాడి పేరు కోసం ఇప్పటికీ రోజూ వెతుక్కుంటాను.

ఇక ఆ ముక్క నా దగ్గరుంది. ఇచ్చెయ్యాలి. ఇచ్చేస్తే నేను బతుకుతాను, ముసలావిడ కోరిక తీరుతుంది. పసిపిల్లాడికైనా అర్థమవుతుంది. కానీ మీరు ఆ సంతకం చూడలేదు. చివర ఆ మెలిక... ప్రపంచంలో ఒకే ఒక్కటి... మా అందరిలో నా ఒక్కడి దగ్గరే.

పోనీ, ఆవిడకి కావాల్సింది రాయి మీద చెక్కడానికి ఒక నమూనా. అంతేగా?

ఆ కాలపు ఉత్తరం ఒకదాన్నించి ఖాళీ ముక్క కోశాను. సిరాలో టీ డికాషన్ కలిపాను. బతుకంతా దొంగ సంతకాలు పట్టుకున్నవాడికి ఒకటి పెట్టడం ఎంతసేపు? పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియలేదు. అసలుది నా ఆల్బంలో అంటించాను. నకిలీది తీసుకుని పల్లెకి బయల్దేరాను.

మిస్ ఫెన్ కంత పడ్డ ఉత్తరాన్ని ఒళ్ళో పెట్టుకుని ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని ఉంది. తిట్టలేదు, ఏడవలేదు. జరిగింది కెమిస్టు మీదకి తోసేసి, వాడి ఆల్బంలోంచి నేనే కాపాడి తెచ్చానని చెప్పుకున్నాను. ఆవిడ ముక్క అందుకుని వాసన చూసింది. దాన్ని కుర్చీ వైపు ఎత్తి చూపించింది.

"ఎంత శ్రద్ధగా రాశాడో చూడు నాన్నా. సరిపోతుందా?"

కుర్చీ కొంచెం కిర్రుమంది.

ఆవిడ నా వైపు తిరిగి నవ్వింది. "సరిపోతుందట."

తర్వాత ఏమీ జరగలేదు. చెక్కుల మీద నా సంతకాలు భద్రంగా ఉన్నాయి. కత్తెర చప్పుడు లేదు. రోజూ ఆల్బం తెరిచి ఫెన్‌ని చూసుకుని, కెమిస్టుని తల్చుకుని, ఒక గ్లాసు షెర్రీ తాగేవాణ్ణి. జనవరి అలా హాయిగా గడిచింది.

ఇవాళ మధ్యాహ్నం మేస్త్రీ బ్యాంకుకొచ్చి, "రాయి నిలబెట్టామండీ, మిమ్మల్ని ఒకసారి చూసిపొమ్మంది మిస్ ఫెన్," అన్నాడు. నా పనితనం రాతి మీద ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. కాస్త గర్వంగానే వెళ్ళాను.

ఆవిడ కర్ర పట్టుకుని సమాధి దగ్గరే నిలబడి ఉంది. మొహం కళకళలాడుతోంది. వెలుతురు తగ్గిపోతోంది, నేను వంగి చదివాను.

ఇక్కడ విశ్రమించినవాడు హొరేస్ ఆల్డస్.

అది నా చేతివ్రాతే. రోజూ బ్యాంకులో పెట్టే నా సంతకమే.

"ఇదేమిటి?" అని మేస్త్రీ మీద అరిచాను. "ఎవరి పేరిది?"

"ఆ ముక్క మీదున్నదే కదండీ అద్దాను," అని తెల్లబోయి ముక్క తీసి చూపించాడు. అందులోనూ నా పేరే. నా టీ డికాషన్ సిరాతో.

మిస్ ఫెన్ నా చెయ్యి పట్టుకుని నిమిరింది. ఆ వేళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో.

"మా నాన్న పేరు మీరు ఉంచుకున్నారు కదా నాయనా. మరి ఆయనకీ ఏదో ఒక పేరు కావాలిగా!"

చెయ్యి లాక్కుని వెనక్కి అడుగేశాను. కాలికింద ఏదో పల్లంగా తగిలింది. చూశాను. సమాధి పక్కన, మంచు పట్టిన పచ్చికని ఎవరో మట్టి కనపడేదాకా కత్తిరించి తీసుకుపోయారు. తీసిన పచ్చిక ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. పారతో తవ్వింది కాదది. అంచులు భలే నీటుగా ఉన్నాయి, నాలుగు మూలలూ చక్కగా కుదిరాయి.

దీర్ఘచతురస్రం. సరిగ్గా నా పొడవుంది.